గజ ఈతగాళ్ల భద్రత పడవ బల్లతోనే మొదలు

సుపేలా, భిలాయ్: సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉక్కు పట్టణానికీ, సిలిండరు వీపున కట్టుకుని నీటి అడుగుకు దిగే గజ ఈతగాళ్లకూ సంబంధమేమిటన్న సందేహం ఎవరికైనా కలగవచ్చు. అయితే జలయానంతో భిలాయ్‌కి అనుబంధం ఉంది. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విమాన వాహక నౌక విక్రాంత్‌కు సెయిల్ సంస్థ సమకూర్చిన సుమారు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కులో బొకారో, రూర్కెలా కర్మాగారాలతో పాటు భిలాయ్‌కి కూడా వాటా ఉంది. అంతటి నౌకకు ఉక్కు పలకలు అందించిన ఊరికి, చిన్న పడవలో ఒక బల్ల, డజను సిలిండర్లు నిలిపే చట్రం బిగించడం పెద్ద పనేమీ కాదు. కాని ఈ చిన్న పనిలో జరిగే పొరపాటు మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఈ పని అవసరం ఎంతటిదో తెలుగువారికి 2019లో తెలిసివచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోయింది. అందులో 77 మంది ఉన్నారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం చివరకు అక్టోబరు 22న ఆ పడవను ఒడ్డుకు చేర్చింది. నీటి అడుగున లంగర్లు, తాళ్లు తగిలించే పనిలో విశాఖ గజ ఈతగాళ్లు తోడ్పడ్డారు. దుర్గ్, భిలాయ్ ప్రాంతంలోనూ శివనాథ్ నదిలో ఎవరైనా గల్లంతైతే విపత్తు స్పందన దళం వారు పడవలపై గాలింపు జరుపుతుంటారు. ఇటువంటి వేళల్లో పడవే వారికి గిడ్డంగి, విశ్రాంతి స్థలం, కార్యాలయం కూడా.

సిలిండరులో ఏముంది?

సాధారణంగా అందరూ ఆక్సిజన్ సిలిండరు అని పిలుస్తున్నప్పటికీ, మామూలు లోతులకు దిగేవారు వాడేది వడగట్టిన సాధారణ గాలినే. ఎక్కువగా వాడుకలో ఉన్న అల్యూమినియం సిలిండరు లోపలి పరిమాణం 11 లీటర్లు. అందులో రమారమి 200 రెట్ల పీడనంతో గాలిని కుక్కుతారు. అంటే గోడ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు 200 కిలోలకు పైగా ఒత్తిడి ఉంటుంది. నిండు సిలిండరు బరువు సుమారు 17 కిలోలు. పడవ కుదుపుకు అది దొర్లి, మెడ వద్దనున్న వాల్వు విరిగితే, వెలువడే గాలి ఉద్ధృతికి సిలిండరు తుపాకీ గుండులా దూసుకుపోతుంది. వాల్వు విరగకపోయినా, ఊగే పడవలో కాలి మీద పడితే చాలు, ఎముక నుజ్జవుతుంది.

బరువు, సమతూకం

ఆరుగురు ఈతగాళ్లకు మనిషికి రెండేసి లెక్కన 12 సిలిండర్లు తీసుకువెళ్లవలసి ఉంటుంది. వాటి బరువు 204 కిలోలు, అంటే దాదాపు ముగ్గురు మనుషుల బరువు. ఈ భారాన్ని ఒక పక్కకు చేరిస్తే పడవ ఒరుగుతుంది. ఎత్తున నిలిపితే సులువుగా తిరగబడుతుంది. అందువల్ల చట్రాన్ని వీలైనంత దిగువన, రెండు పక్కలకూ సమానంగా అమర్చవలసి ఉంటుంది. సిలిండరు అడ్డకొలత 18.4 సెంటీమీటర్లు కనుక, పై పలకలో రంధ్రాన్ని అంతకంటె కొంచెం వెడల్పుగా కోసి, అంచుకు రబ్బరు తొడిగి, పైన సాగే తాడు బిగిస్తారు. అల్యూమినియం సిలిండరు అడుగు చదునుగా ఉంటుంది గనుక అది తానుగా నిలుస్తుంది. గుండ్రని అడుగు గల ఉక్కు సిలిండరుకు కింద రబ్బరు తొడుగు తప్పనిసరి.

బల్ల తయారీలోనూ ఒక కిటుకు ఉంది. ఈతగాడు బల్లపై కూర్చుంటే, వెనుకనున్న సిలిండరు తిన్నగా వీపుకు ఆనాలి. అప్పుడతడు వంగి బరువు ఎత్తనవసరం లేకుండా, కూర్చున్నచోటనే పట్టీలు బిగించుకుని లేవగలడు. బల్ల మరీ ఎత్తయితే పాదాలు నేలకానవు. మరీ పల్లమైతే సిలిండరుతో లేవడం కష్టమవుతుంది.

ఏ లోహం మేలు?

మామూలు ఉక్కు ఉప్పునీటిలో త్వరగా తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కులోనూ మాలిబ్డినం కలిసిన 316 రకమే సముద్రానికి అనువైనది. వంటపాత్రలకు వాడే 304 రకంపై ఉప్పునీటి వల్ల మచ్చలు, గుంటలు పడతాయి. తేలికైన అల్యూమినియం మరో మార్గం. అది ఇదే రాష్ట్రంలోని కోర్బాలో తయారవుతున్నది. అయితే దానిని అతికించడానికి ఆర్గాన్ వాయువుతో చేసే వెల్డింగు అవసరం. అంతేగాక, అల్యూమినియానికి స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా తగిలితే ఉప్పునీటిలో అల్యూమినియం క్రమేపీ తినివేయబడుతుంది. నడుమ నైలాన్ వాషరు వేస్తే ఈ బెడద తగ్గుతుంది.

నది పనులకు మాత్రం ఇంత ఖర్చు అక్కరలేదు. మంచినీటిలో, జింకు పూత పూసిన మామూలు ఉక్కు యాంగిల్ చట్రం చాలాకాలం నిలుస్తుంది. రబ్బరు పడవకు బోల్టులు కొట్టే వీలుండదు కనుక, చట్రాన్ని విడిగా తయారుచేసి నేలనున్న కడియాలకు పట్టీలతో బిగించాలి. ఫైబరు పడవలో బోల్టు దిగిన ప్రతిచోటా అడుగున వెడల్పాటి పలక వేయకపోతే, అలల తాకిడికి ఫైబరు చిరిగి బల్ల ఊడివస్తుంది.

సోవియట్ సహకారంతో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన కర్మాగారంలో తొలి కొలిమి 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఆ కొలిమిని నమ్ముకుని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. సముద్రపు ఒడ్డు నుంచి ఉక్కు పనికి వచ్చిన చేతులకు ఉప్పునీటి గుణం గురించి వేరే చెప్పవలసిన పని లేదు. విశాఖ రుషికొండలో విహారానికి దిగే యాత్రికుడైనా, శివనాథ్‌లో శవం కోసం వెదికే జవానైనా, మొదట నమ్ముకునేది తాను కూర్చున్న బల్లనే. పడవకు, మోటారుకు, సిలిండర్లకు లక్షలు వెచ్చించేవారు ఆ బల్లను చివరి నిమిషంలో తాడుతో కట్టి సరిపెట్టుకోకుండా ఉంటే, నీటిలో దిగకముందే జరిగే ప్రమాదాలనైనా నివారించవచ్చు.