మీకు తెలుసా? గాలానికీ ఓ కొలబద్ద

సముద్రం ఒడ్డున సరదాకు గాలం వేసేవాడు ఎన్ని చేపలు ఇంటికి తీసుకెళ్లాలో చాలా దేశాల్లో సర్కారే చెబుతుంది. ఎంత పొడవున్నవి తీసుకెళ్లాలో కూడా చెబుతుంది. ఈ మాట అనంతపురంలో అంటే ముందు నవ్వుతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల ఇది. పడమటి కనుమలు మోడాలను అడ్డుకుంటే మిగిలింది మనకు. ఇక్కడ చేపల లెక్క చెరువులో నీళ్లుంటేనే మొదలవుతుంది. అయినా ఆ సముద్రపు లెక్కలో మన చెరువుకు పనికొచ్చే సంగతి ఒకటుంది. వరసగా చూద్దాం.

పండుగప్ప మగదిగా పుట్టి ఆడదవుతుందని తెలుసా?

కోస్తా వాళ్లు పండుగప్ప అని లొట్టలేసుకుని తినే చేపనే ఆస్ట్రేలియాలో బారాముండి అంటారు. రెండూ ఒకే జాతి. క్వీన్స్‌లాండ్ తీరంలో గాలానికి ఈ చేప పడితే, బుట్టలో వేసుకునే ముందు టేపు తియ్యాలి. 58 సెంటీమీటర్ల కన్నా పొట్టిదైతే నీళ్లలోకి వదలాలి. 120 సెంటీమీటర్లు దాటినా వదలాలి. ఆ మధ్యవి మనిషి దగ్గర ఐదుకు మించి ఉండకూడదు. రాష్ట్రం తూర్పు తీరంలోనైతే నవంబరు నుంచి జనవరి చివరి దాకా ఈ చేప జోలికే పోకూడదు, అది గుడ్లు పెట్టే కాలం.

పిల్ల చేపను వదలమంటే ఎవరైనా ఒప్పుకుంటారు. జన్మకోసారి పడే నాలుగడుగుల చేపను వదలమనడమే మింగుడుపడదు. కారణం ఆ చేప ఒంట్లోనే ఉంది. పండుగప్ప బతుకు మగదిగా మొదలవుతుంది. కొన్నేళ్లు అలాగే ఉండి, ఆరేడేళ్ల వయసు వచ్చేసరికి ఆడదిగా మారిపోతుంది. అంటే బాగా పెరిగిన పండుగప్పలు దాదాపు అన్నీ ఆడవే, ఒక్కోటి లక్షలకు లక్షలు గుడ్లు పెట్టేవే. పెద్దవాటిని మాత్రమే ఏరుకుని పడితే ఏటిలో మగవి మిగులుతాయి, తల్లులు మిగలవు. ఫొటోకు నిలువెత్తు చేపను ఎత్తి పట్టుకునే వాళ్లు ఈ ముక్క గుర్తుంచుకుంటే మంచిది.

మూడంగుళాల సందులో పడితేనే చేప మీది

న్యూజెర్సీలో మన తెలుగువాళ్లకు కొదవ లేదు. ఆ రాష్ట్రపు తీరంలో గాలం వేసేవాళ్లు కలవరించే చేప స్ట్రైప్డ్ బాస్, ఒంటి పొడవునా నల్లచారలు ఉంటాయి. రోజుకు మనిషికి ఒక్కటే. అదీ 28 అంగుళాల నుంచి 31 అంగుళాల లోపు ఉండాలి. ఒకప్పుడు 38 అంగుళాల దాకా తీసుకెళ్లనిచ్చేవారు. 2023 మే నెలలో, అట్లాంటిక్ తీర రాష్ట్రాల ఉమ్మడి మత్స్య కమిషన్ అత్యవసరంగా పై హద్దును 31కి దించింది. ఎందుకంటే 2015లో పుట్టిన చేపల తరం చాలా పెద్దది. అవన్నీ ఒక్కసారిగా పట్టుకోదగ్గ పొడవుకు ఎదుగుతున్నాయి. ఆ తరాన్ని కాపాడుకుంటేనే క్షీణించిన జాతి కోలుకుంటుందని లెక్క.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వదిలేసిన చేప బతుకుతుందని అందరం అనుకుంటాం. అధికారుల లెక్కల్లో మాత్రం వదిలిన ప్రతి వంద స్ట్రైప్డ్ బాస్‌లలో 9 చచ్చినట్టే రాసుకుంటారు. కొక్కెం గొంతులో దిగడం, ఒడ్డున ఎక్కువసేపు ఉంచడం, వేడి నీళ్లు, ఇవన్నీ ప్రాణం తీస్తాయి. ఎరతో పట్టేవాళ్లు గుండ్రటి కొక్కెమే వాడాలన్న నియమం అందుకే వచ్చింది. అది గొంతులోకి దిగకుండా దవడ అంచున పట్టుకుంటుంది. సరదాకు పట్టి వదిలేస్తున్నాం కదా, పాపమేముంది అనేవాళ్లకు ఆ 9 చేపలే జవాబు.

చేపను కిందికి దించే సరంజామా

మెక్సికో సింధుశాఖలో రెడ్ స్నాపర్ లోతున ఉంటుంది. ఒక్కసారిగా పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బిపోయి, వదిలినా మునగలేక తేలుతూ చస్తుంది. అక్కడి పడవల్లో దాన్ని మళ్లీ లోతుకు దించే పరికరమో, గాలి తీసే సూదో సిద్ధంగా ఉంచుకోవాలన్న చట్టం అమెరికాలో 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. టెక్సాస్‌లో సంగతి వేరే, చలి దెబ్బ కొట్టింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో తీరపు చేపలు లక్షల్లో చచ్చాయి. ఆ తర్వాత అక్కడ స్పాటెడ్ సీట్రౌట్ అనే చేప వాటాను రోజుకు ఐదు నుంచి మూడుకు తగ్గించారు.

మరి మన తీరంలో?

మన కట్టడి చేపల లెక్క మీద నడవదు. కాలం మీద, దూరం మీద, వల మీద నడుస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో మర పడవలకు వేట నిషేధం. తెడ్లు వేసుకుని, తెరచాప ఎత్తుకుని పోయే సంప్రదాయ పడవలకు మినహాయింపు. రాష్ట్రంలో 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్లను సంప్రదాయ మత్స్యకారులకు వదిలి, ట్రాలర్లు ఆ అవతలికే పోవాలన్న నియమం దానికిందే ఉంది. వేట నిషేధం ఉన్న రెండు నెలలకు మత్స్యకారులకు ఇచ్చే భృతి 2025లో కుటుంబానికి 20,000 రూపాయలైంది. పొడవు లెక్క మన పక్కన మొదట పెట్టింది కేరళ. 2015లో 14 రకాల చేపలకు కనీస పొడవు నిర్ణయించి, మత్తి (సార్డీన్) పది సెంటీమీటర్లకు తక్కువుంటే పట్టకూడదంది. ఇవన్నీ బతుకుతెరువు వేటకు పెట్టిన నియమాలు. సరదా గాలం మన దగ్గర ఇంకా ఎవరి కంటికీ ఆనలేదు.

అనంతపురం చెరువులో ఎన్ని పట్టినా తప్పులేదా?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో బుక్కరాయసముద్రం, శింగనమల, ధర్మవరం, బుక్కపట్నం, ఏ చెరువు తీసుకున్నా వలకు పడేవి ముఖ్యంగా మూడు రకాలు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. ఇవి నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వరద పారే ఏరు కావాలి. హిరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలో 1957 జూలై 10న హార్మోన్ సూదితో ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే జూలై 10 జాతీయ మత్స్య రైతుల దినం. ఆ పద్ధతి వల్లే ఇప్పుడు చెరువుల్లో వదిలే చేపపిల్లలు ఎక్కువగా హ్యాచరీల్లోనే పుడుతున్నాయి. చెరువు నిండితే సొసైటీ వాళ్లు పిల్లలను తెచ్చి వదులుతారు, నీళ్లు తగ్గాక పడతారు. వేరుశనగ విత్తి పీకినట్టే. బొచ్చెను ఒకటి వదిలినా పది పట్టినా వచ్చే ఏటి చేపలతో సంబంధం లేదు. ఎండాకాలానికి చెరువు ఇంకిపోతే ఎలాగూ మిగిలేది బురదే. కాబట్టి న్యూజెర్సీ లెక్క తెచ్చి ఇక్కడ పెడితే అర్థముండదు.

ఒక్క కొర్రమీను దగ్గర తప్ప.

తెలంగాణ రాష్ట్ర చేప కూడా అయిన ఈ కొర్రమీనును ఎవరూ తెచ్చి వదలనక్కర్లేదు. గాలి పీల్చుకోగలదు, నీళ్లు ఇంకితే బురదలో దాగి నెలల తరబడి ప్రాణం నిలుపుకోగలదు. కరువు నేలకు ఇంతకన్నా తగిన చేప లేదు. వానలకు చెరువు అంచున నీళ్లు పరుచుకోగానే గడ్డిలో గుండ్రంగా చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా ముద్దకట్టి తేలుతుంటే పెద్ద చేప కిందనే ఉండి కాస్తుంది. గాలం వేసేవాళ్లకు ఈ గుట్టు తెలుసు. ఎర్ర ముద్ద కనబడ్డ చోట కప్పను ఎరగా ఆడిస్తే కాపలా చేప కోపంతో వచ్చి కరుచుకుంటుంది. ఆ ఒక్క చేప పోతే చుట్టూ కాచుకున్న మిగతా చేపలకూ పాములకూ కొంగలకూ ఆ పిల్లలన్నీ విందే. పండుగప్పలో పెద్ద చేపను కాపాడమన్న లెక్క ఇక్కడ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

ఈ కాపలా చేపను కాపాడటానికి కొత్త చట్టం అక్కర్లేదు. 1897 నాటి భారత మత్స్య చట్టం 6వ సెక్షన్ కింద ఫలానా నీళ్లలో రెండేళ్ల దాకా వేట ఆపే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని నేరం చేసింది కూడా ఆ చట్టమే. దానికి అందులో రాసిన శిక్ష రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా. నేటి ధరకు ఆ జరిమానాతో అరకిలో కొర్రమీను కూడా రావడం కష్టం.