ఫైల్లోకి ఎక్కని సాక్ష్యం

2003 జూన్ 5 రాత్రి మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర ఒక జామతోటలో గుడిసె వేసుకుని బతుకుతున్న పేద కుటుంబం మీద దుండగులు పడ్డారు. ఐదుగురిని చంపేశారు. వారిలో పదిహేనేళ్ల పిల్ల ఒకతె. ఆమెను చెరిచి మరీ చంపారు. తల్లి, ఒక కొడుకు మాత్రం కొన ఊపిరితో బయటపడ్డారు. రెండు రోజుల తర్వాత, జూన్ 7న, పోలీసులు పాత నేరస్తుల ఫొటోల ఆల్బమ్ తెచ్చి ఆ తల్లికి చూపించారు. ఆమె నలుగురిని గుర్తుపట్టింది. ప్రత్యేక ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆమె వాంగ్మూలం నమోదు చేశారు.

ఆ నలుగురి జోలికి దర్యాప్తు వెళ్లనే లేదు. బోనెక్కింది వేరే ఆరుగురు. సంచార జాతులకు చెందిన నిరుపేద కూలీలు. 2006లో విచారణ కోర్టు ఆరుగురికీ ఉరిశిక్ష వేసింది. 2007లో బొంబాయి హైకోర్టు ముగ్గురి ఉరి ఖరారు చేసి, మిగతా ముగ్గురికి యావజ్జీవంగా తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ తగ్గింపు కూడా తీసేసి మళ్లీ ఆరుగురికీ ఉరే అంది. వాళ్లలో ఒకడు నేరం జరిగిన నాటికి మైనరని ఆ తర్వాత ఎప్పటికో తేలింది.

చివరికి 2019 మార్చి 5న జస్టిస్ ఎ.కె. సిక్రీ, జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం, తమ కోర్టే పదేళ్ల క్రితం ఇచ్చిన తీర్పును పక్కనపెట్టి ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ప్రత్యక్ష సాక్షి వేరే నలుగురిని గుర్తుపట్టిన సంగతిని ప్రాసిక్యూషన్ దాచిపెట్టిందనీ, ముద్దాయిలకు న్యాయమైన విచారణ దక్కలేదనీ తేల్చి చెప్పింది. ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి వాళ్ల జీవితాల్లో పదహారేళ్లు జైల్లోనే గడిచిపోయాయి.

ఈ కేసులో మోసపోయింది ఆ ఆరుగురే కాదు. కళ్లముందు బిడ్డల్ని పోగొట్టుకుని, తాను కూడా అత్యాచారానికి గురై, ఒళ్లంతా గాయాలతో ఉండి కూడా ఆ తల్లి ఫొటోలు చూసి మనుషుల్ని చూపించింది. ఆమె మాటను పక్కన పడేసినవాళ్లు ఆమెకు చేసిన ద్రోహం గురించి మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ. ముద్దాయి హక్కులంటే నేరస్తులను కాపాడే ఎత్తుగడ అనుకునేవాళ్లు ఈ తీర్పు ఒక్కసారి చదవాలి. సాక్ష్యం దాచినప్పుడు అసలు హంతకుడికే అందరికంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

పీపీ ఎవరి వకీలు?

పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) పోలీసుల వకీలని మన కోర్టు వరండాల్లో అందరూ అనుకుంటారు. చట్టం అలా అనుకోలేదు. ప్రాసిక్యూషన్ విభాగాన్ని పోలీసు శాఖ నుంచి విడదీయాలని సుప్రీంకోర్టు 1995లోనే ఆదేశించింది. 1999లో శివకుమార్ కేసులో మరింత స్పష్టంగా చెప్పింది: ఎలాగైనా శిక్ష పడాలన్న దాహం పీపీకి ఉండకూడదు, ముద్దాయికి మేలు చేసే అంశం ఏదైనా ఉంటే, అతని వకీలు దాన్ని గమనించకపోయినా సరే, పీపీయే కోర్టు దృష్టికి తేవాలి.

మరి రోజువారీ కోర్టులో జరిగేదేమిటి? ఎవరి వాంగ్మూలం రాయాలో, ఏ కాగితం జతచేయాలో, ఏది కేస్ డైరీలోనే ఉంచేయాలో నిర్ణయించేది దర్యాప్తు అధికారి. కేసు విచారణకు వచ్చేసరికి పీపీ చేతికి అందేది అలా వడగట్టిన ఫైలు. అందులో ఎల్‌డబ్ల్యూ 4, ఎల్‌డబ్ల్యూ 7 అని వరుస నంబర్లతో సాక్షుల జాబితా ఉంటుంది. ఇబ్బంది పెట్టేలా మాట్లాడతాడనిపించిన సాక్షిని ‘గివప్’ చేస్తున్నామని పీపీ ఒక్క ముక్క చెబితే చాలు, ఆ సాక్షి బోనెక్కడు. పైగా సెషన్స్ కోర్టు పీపీల పదవి రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఇన్ని ఒత్తిళ్ల మధ్య కూడా నిజాయితీగా నిలబడే పీపీలు ఉన్నారు. కానీ ముద్దాయి ప్రాణం ఒక మనిషి నిజాయితీ మీద ఆధారపడకూడదు కదా. దానికి చట్టం పూచీ ఉండాలి.

ఆ పూచీ ఇప్పటికీ సగమే ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 230వ సెక్షన్ కింద ముద్దాయికి ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, ప్రాసిక్యూషన్ విచారించదలచిన సాక్షుల వాంగ్మూలాలు, ఛార్జిషీటుతో పంపిన పత్రాలు ఇవ్వాలి. పాత చట్టంలోని 207వ సెక్షన్ చెప్పింది కూడా దాదాపు ఇదే. ప్రాసిక్యూషన్ వాడుకోదలచనివాటి సంగతేమిటి? నాసిక్ ఆల్బమ్ లాంటివన్నీ పడిపోయేది ఆ ఖాళీలోనే. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముసాయిదా నిబంధనలు ఆమోదించి, దర్యాప్తు అధికారి ఆధారపడని వాంగ్మూలాలు, పత్రాలు, వస్తువుల జాబితా కూడా ముద్దాయికి ఇవ్వాలంది. హైకోర్టులన్నీ వీటిని అమల్లోకి తేవాలంది. 2022 మేలో మనోజ్ కేసులో అదే మాట మళ్లీ నొక్కి చెప్పింది. ఆ తర్వాత 2023లో పార్లమెంటు నేర విచారణ చట్టాన్ని మొత్తంగా తిరగరాసింది. ఆ జాబితాను మాత్రం 230వ సెక్షన్‌లో చేర్చలేదు. చేతికందిన అవకాశాన్ని వదులుకోవడం ఇది.

అమెరికాలోని టెక్సస్‌లో అలాంటి మార్పు ఒక దారుణం తర్వాతే వచ్చింది. భార్యను చంపాడన్న కేసులో మైకేల్ మోర్టన్‌కు 1987లో యావజ్జీవ శిక్ష పడింది. నాన్న ఆ సమయంలో ఇంట్లో లేడని మూడేళ్ల కొడుకు అమ్మమ్మతో చెప్పిన మాటలు, ఇంటి చుట్టుపక్కల ఒక ఆకుపచ్చ వ్యాను తచ్చాడిందన్న ఇరుగుపొరుగుల సమాచారం పోలీసుల దగ్గర ఉన్నాయి. అవి మోర్టన్ వకీళ్లకు చేరలేదు. దాదాపు పాతికేళ్ల తర్వాత, 2011లో, డీఎన్ఏ పరీక్షతో అతను బయటపడ్డాడు. ఆ కేసు నడిపిన ప్రాసిక్యూటర్ కెన్ ఆండర్సన్ అప్పటికి జడ్జి అయ్యాడు. 2013లో ఆయన లాయర్ లైసెన్సు వదులుకుని, పది రోజుల జైలుశిక్షకు ఒప్పుకున్నాడు. పాతికేళ్లకు పది రోజులు అన్యాయపు లెక్కే. అయినా అదే ఏడాది ఆ రాష్ట్రం మోర్టన్ పేరుతోనే చట్టం చేసి, ప్రాసిక్యూషన్ ఫైళ్లు డిఫెన్స్‌కు తెరిచింది.

మన ముంగిట్లో

2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య తెలుగువాళ్లెవరూ మరిచిపోయింది కాదు. 2008లో పోలీసులు ఒక పేద దళిత యువకుడిని పట్టుకొచ్చారు. అతను దోషి కాదని హతురాలి తల్లే మొదటి నుంచీ మొత్తుకుంది. అయినా 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా ప్రకటించి, అతనికి లక్ష రూపాయలు చెల్లించమని, దర్యాప్తు చేసిన పోలీసులపై చర్య తీసుకోమని చెప్పింది. ఆ తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. 2019లో సమాధి తవ్వి మృతదేహానికి మళ్లీ పరీక్ష చేయాల్సి వచ్చింది. కూతురిని పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులను అది చూసే స్థితికి తెచ్చింది మొదటి దర్యాప్తే.

నిర్దోషిగా తేలిన ప్రతి కేసులోనూ తప్పెవరిదో తేల్చి, బాధ్యులైన దర్యాప్తు అధికారుల మీద, ప్రాసిక్యూటర్ల మీద శాఖాపరమైన చర్య తీసుకునే ఏర్పాటు ఉండాలని 2014 జనవరిలో కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్రమ ప్రాసిక్యూషన్ బాధితులకు పరిహారం హక్కుగా దక్కేలా చట్టం చేయాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం రాలేదు. కారణం లేకుండా అరెస్టు చేయించినవారి నుంచి మేజిస్ట్రేట్ ఇప్పించగల పరిహారం పాత చట్టంలో వెయ్యి రూపాయలకు మించకూడదు. కొత్త చట్టంలోనూ అదే వెయ్యి.

వీటిలో అన్నింటికీ ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఛార్జిషీటుతో పాటు ‘ఆధారపడని’ సాక్ష్యాల జాబితా లేకపోతే కేసు నంబరు చేయకుండా వెనక్కి పంపేలా నిబంధన పెట్టడం మన రెండు హైకోర్టుల చేతిలో పని. కేస్ డైరీ మొత్తం చదివానని, ముద్దాయికి పనికొచ్చేదేదీ అందులో మిగిలిపోలేదని విచారణ మొదలయ్యే ముందే పీపీ చేత సంతకం చేయించడం రెండు రాష్ట్రాల ప్రాసిక్యూషన్ డైరెక్టర్లు ఒక సర్క్యులర్‌తో చేయగలిగింది. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. సంతకం పెట్టిన పీపీ పేరు రికార్డులో ఉంటుంది. రేపు ఒక ఆల్బమ్ బయటపడితే, ఎవరిని అడగాలో కోర్టుకు తెలుస్తుంది.