పేపర్ చదవడమంటే లెక్క అడగడమే

డీప్ లెర్నింగ్, కంప్యూటర్ విజన్ అనగానే మనవాళ్లు చాలామంది 'అది మన చదువు కాదులే' అని తప్పుకుంటారు. ఇంట్లో ముందెవరూ కాలేజీ గడప తొక్కని మాలాంటి వాళ్లకు ఈ బెరుకు కొత్త కాదు. ఒకప్పుడు సంస్కృతం, తర్వాత ఇంగ్లీషు, ఇప్పుడు లెక్కల సూత్రాలు మనల్ని గడప బయట నిలబెడుతున్నాయి. కానీ మనిషి ముఖం చూసి వాడెవడో తేల్చే యంత్రాలు ఈ పేపర్లలోంచే పుడుతున్నాయి. చదవక తప్పదు.

అసలు సంగతి కష్టమైందేం కాదు. పసివాడికి ఆవునూ గేదెనూ చూపించి పేర్లు చెప్పినట్టే, యంత్రానికి పేర్లు రాసిన బొమ్మలు లక్షల్లో చూపిస్తారు. తప్పు చెప్పినప్పుడల్లా దాని లోపలి అంకెల్ని కాస్త కాస్త సవరిస్తారు. ఆ అంకెలు పొరలు పొరలుగా ఉంటాయి గనకే 'డీప్' అన్నారు. 2012లో క్రిజెవ్‌స్కీ, సట్స్‌కెవర్, హింటన్‌లు సుమారు 12 లక్షల బొమ్మలతో ఇలా నేర్పి ఇమేజ్‌నెట్ పోటీ గెలిచాక ఈ దారికి ఊపొచ్చింది. యంత్రానికి తెలిసేది దానికి చూపించిందే. కాబట్టి ఎవరి బొమ్మలు చూపించారు, పేర్లెవరు పెట్టారు అన్నదే మన మొదటి ప్రశ్న.

పేపర్‌ను మొదట్నుంచి చివరిదాకా బట్టీ పట్టనక్కర్లేదు. మొదటిసారి సారాంశం, పట్టికలు, ముగింపు చూడాలి. రెండోసారి బొమ్మలెక్కడివి, ఎన్ని, దేనితో పోల్చారు అని అడగాలి. సూత్రాల జోలికి మూడోసారి పోవచ్చు.

2018లో జాయ్ బులమ్‌వీనీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు రాసిన 'జెండర్ షేడ్స్' పేపరే తీసుకుందాం. ఫోటో చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల యంత్రాలను వాళ్లు బయట్నుంచి పరీక్షించారు. అప్పటికి వాడుకలో ఉన్న రెండు బొమ్మల సేకరణల్లో తెల్లని చర్మం వాళ్లే 79.6, 86.2 శాతం. అందుకే ఆఫ్రికా, యూరప్‌లలోని ఆరు దేశాల పార్లమెంటు సభ్యుల్లోంచి 1,270 మంది ఫోటోలతో కొత్త సేకరణ తయారు చేశారు. మొత్తం మీద యంత్రాలు 87.9 నుంచి 93.7 శాతం దాకా సరిగ్గా చెప్పాయి. ఇక్కడ ఆగితే మోసపోతాం. ఊరికి సగటున ఇన్నెకరాలు అంటే వాడలోని భూమిలేని కుటుంబాలు ఆ లెక్కలో కనపడవు గదా! విడదీసి చూస్తే తెల్ల మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు. నల్ల స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా పోయాయి.

సెమినార్‌లో చెప్పేటప్పుడు ఈ ఒక్క పట్టిక చాలు. ఏం అడిగారు, ఎట్లా పరీక్షించారు, ఏం తేలింది, ఏం తేలలేదు అని నాలుగు ముక్కల్లో చెప్పాలి. నాలుగోదే మన నిజాయితీకి పరీక్ష. ఈ పేపర్ ఆడా మగా తేల్చడాన్ని పరీక్షించింది గానీ ఫలానా మనిషి అని గుర్తుపట్టడాన్ని కాదు. చర్మం రంగు గురించి మాట్లాడింది గానీ కులం గురించి కాదు. రంగునే కులంగా చూపిస్తే మన వాదమే బలహీనపడుతుంది.

పోలీసుల ముఖ గుర్తింపుపై వేసిన పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. అంటే ఈ చదువు మన వీధిదాకా వచ్చేసింది. 'మీ యంత్రం 95 శాతం కరెక్టు' అని రేపు ఎవరన్నా అంటే, మిగతా 5 శాతంలో ఉన్నదెవరని అడగగలగాలి. ఆ ప్రశ్న అడగడానికే ఈ పేపర్లు చదవాలి.