చిన్న ట్రాక్టరు కొంటున్నారా? గుమ్మం ధర అడగండి

మా తాతగారు ఎడ్ల సంతకు బయలుదేరితే భుజాన తువ్వాలు ఉండి తీరాలి. ఎండకన్నా బేరానికే దాని అవసరం ఎక్కువ. అమ్మేవాడూ కొనేవాడూ ఆ తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకొనేవారు. ఎంతకు తెగిందో పక్కనున్నవాడికి తెలిసేది కాదు. ఇప్పుడు ఎడ్ల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి గాని ఆ తువ్వాలు మాత్రం ఇంకా తీసినట్టు లేదు. ఒకే ట్రాక్టరు, ఒకే షోరూము, ఇద్దరు రైతులకు రెండు ధరలు!

తుంగభద్ర కాలువ నీళ్ళ కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చి గంగావతి, సింధనూరు ప్రాంతాల్లో క్యాంపులు వేసుకొన్న కుటుంబాల్లో మాదీ ఒకటి. తాతల నాటి పొలం పంపకాలు పడి పడి ఇప్పుడు తలా కాస్త మిగిలింది. మా అక్కయ్య వాటాకు వచ్చిన అయిదెకరాల్లో దానిమ్మ తోట ఉంది. బావగారికి మోకాళ్ళ నొప్పులు వచ్చాక తోట పని అంతా ఆవిడే చూసుకొంటోంది. సాళ్ళ మధ్య పెద్ద ట్రాక్టరు దూరితే కొమ్మలు విరుగుతున్నాయి. బాడుగ ట్రాక్టరు మందు కొట్టాల్సిన రోజున దొరకదు. చివరికి గత సంవత్సరం డిసెంబరులో, అంటే 2025లో, చిన్న ట్రాక్టరు కొనాలని నిశ్చయించుకొని నన్ను తోడు రమ్మంది.

నేను తోడు వెళ్ళానే గాని, బేరం చేసింది అక్కయ్యే. ఆ బేరంలో నేను నేర్చుకొన్న సంగతులు మన పాఠకులకు ఉపయోగపడతాయని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఏది కావాలో తేల్చుకోవాలి

చిన్న ట్రాక్టర్లన్నీ ఒక్కటి కావు. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 వంటివి 15 హెచ్.పి., ఒకే సిలిండరు. వి.ఎస్.టి. 180 డి 18.5 హెచ్.పి., కుబోటా నియోస్టార్ ఎ 211 ఎన్ 21 హెచ్.పి.; ఈ రెంటికీ మూడేసి సిలిండర్లు. మహీంద్రా జీవో 245 రెండు సిలిండర్లతో 24 హెచ్.పి., నాలుగు చక్రాలూ తిరిగే రకం. వీటిలో ఒకదాని ధర చూపి మరొకదాన్ని బేరమాడితే డీలరు నవ్వుకొంటాడు.

ఇంకొక మెలిక కూడా ఉంది. బానెట్టు మీద రాసేది ఇంజను శక్తి. రోటవేటరును, మందు కొట్టే యంత్రాన్ని తిప్పేది వెనకనున్న పి.టి.ఓ. శక్తి. అది ఎప్పుడూ కొంత తక్కువే ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ట్రాక్టర్లను పరీక్షించి, పి.టి.ఓ. శక్తి ఎంత, డీజిలు ఎంత తాగుతుంది, ఎంత బరువు ఎత్తుతుంది అని నివేదిక ఇస్తుంది. ఆ నివేదిక చూపించమని డీలరును అడగవచ్చు. మనకు దగ్గరలోనే, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో, యంత్రాల మీద రైతులకు శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ ఉంది. ఇంట్లో కుర్రవాళ్ళుంటే పంపడం మంచిది.

నోటి ధర వేరు, గుమ్మం ధర వేరు

మొదటి షోరూము మా క్యాంపుకు 12 కిలోమీటర్లు. 24 హెచ్.పి. బండికి అక్కడి కుర్రవాడు 5,60,000 రూపాయలన్నాడు. నేను బేరం మొదలు పెట్టబోతుంటే అక్కయ్య నన్ను ఆపి, "మా ఇంటి గుమ్మం ముందు బండి దిగేసరికి మొత్తం ఎంతవుతుంది బాబూ? అది కాగితం మీద రాసివ్వు" అని కన్నడంలో అడిగింది. అతను కాసేపు నసిగి రాసిచ్చాడు. ఇన్సూరెన్సు 22,000, రిజిస్ట్రేషను ఖర్చులు 28,000, హ్యాండ్లింగు 9,000, హుక్కు, బంపరు, టాప్ లింకు వగైరాలకు 12,000. అన్నీ కలిపితే 6,31,000!

రెండో షోరూము 45 కిలోమీటర్ల దూరం. అదే కంపెనీ, అదే బండి. నోటి ధర 5,72,000. "ఇక్కడ ఇంకా ఎక్కువే" అని నేను లేవబోయాను. అక్కయ్య మళ్ళీ గుమ్మం ధరే అడిగింది. ఇన్సూరెన్సు 16,000, రిజిస్ట్రేషను 21,000, హుక్కూ బంపరూ బండితోనే, హ్యాండ్లింగు లేదు. మొత్తం 6,09,000. నోటి ధర పన్నెండు వేలు ఎక్కువ చెప్పిన చోటే గుమ్మం ధర ఇరవై రెండు వేలు తక్కువయింది. అసలు తగ్గించి కొసరులో రాబట్టుకోవడమంటే ఇదే.

ఇక్కడ గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇన్సూరెన్సు డీలరు దగ్గరే తీసుకోవాలని నియమం లేదు, బయట తెచ్చుకోవచ్చు. రిజిస్ట్రేషనుకు కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగాలి. హ్యాండ్లింగు అంటే ఏమిటో, దేనికో అడగాలి. చాలా సార్లు అడిగితేనే అది పోతుంది. పాత ట్రాక్టరు మారకానికి ఇచ్చేవారు ముందు కొత్తదాని ధర తేల్చుకొని, ఆ తర్వాతే పాతదాని మాట ఎత్తాలి. రెండూ కలిపి మాట్లాడితే ఒకచోట పెంచి ఇంకొకచోట లాగేస్తారు.

జి.ఎస్.టి. సంగతి కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు అయిదు లక్షలుండే బండికి ఇది 35,000 రూపాయల తేడా. పాత ధరల పట్టీ చూపించి "ఇందులో తగ్గిస్తాం" అంటే అది డీలరు ఇచ్చే తగ్గింపు కాదు. బిల్లులో పన్ను విడిగా చూపించమనండి.

అలాగే ఎద్దుకు పళ్ళు చూసినట్టు బండికి తయారైన నెల, సంవత్సరం చూడాలి. అమ్మకం సర్టిఫికెట్టులో, అంటే ఫారం 21లో, అది ఉంటుంది. నిరుడు తయారై యార్డులో ఎండకు ఎండిన బండికి ఈ ఏటి ధర ఇవ్వనక్కర్లేదు.

అసలు కన్నా వడ్డీ ముద్దు?

మనుమల విషయంలో ఆ సామెత నిజమే. అప్పు విషయంలో కాదు. షోరూములోనే బల్ల వేసుకొని కూర్చున్న ఫైనాన్సు ఆయన నాలుగు లక్షలకు "పది శాతమే" అన్నాడు. అయిదేళ్ళు, ఆరు నెలలకోసారి 60,000 చొప్పున పది కంతులు. మొత్తం ఆరు లక్షలు. బ్యాంకులో పదకొండు శాతం అన్నారు. కాని అక్కడ మిగిలిన అసలు మీదనే వడ్డీ. కంతు సుమారు 53,070, మొత్తం దాదాపు 5,30,700. పదకొండు కన్నా పదే ఖరీదయింది, అదీ అరవై తొమ్మిది వేలకు పైగా! మొదటాయన వడ్డీ కట్టేసిన అసలు మీద కూడా చివరిదాకా నడుస్తుంది. బేరంలో అయిదు వేలకు గంటసేపు గింజుకొని, వడ్డీ కాగితం మీద చూడకుండా సంతకం పెట్టడం మనలో చాలామంది చేసే పనే.

నేనూ చేశాను. 2014లో ట్రాక్టరు కొన్నప్పుడు ఖాళీ ఫారాల మీద వరసగా సంతకాలు పెట్టాను. అప్పు తీరిపోయాక బండి అమ్మబోతే ఆర్.సి. మీద ఇంకా ఫైనాన్సువారి పేరే ఉంది. ఫారం 35, బాకీ లేదనే పత్రం సంపాదించడానికి మూడు నెలలు తిరిగాను. ఈలోగా వచ్చిన బేరం పోయింది. చివరి కంతు కట్టిన రోజే ఆ రెండూ అడిగి తీసుకోండి.

సబ్సిడీ ఉందా?

యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే పథకాలున్నాయి. మహిళలకు, సన్నకారు, చిన్నకారు రైతులకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఎక్కువ శాతం ఇవ్వాలని కేంద్ర పథకం చెబుతుంది. శాతాలూ పరిమితులూ రాష్ట్రాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. కర్ణాటకలో అయితే రైతు సంపర్క కేంద్రంలో, తోటల శాఖలో కనుక్కోవచ్చు. మంజూరు పత్రం రాకముందు బండి కొనవద్దు.

మా అక్కయ్యకు మాత్రం అది రాలేదు. కారణం, పహాణీలో ఇంకా తాతగారి పేరే ఉంది. అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం నోటిమాటగా పంచుకొన్నామే గాని ఖాతా మార్పించుకోలేదు. మన క్యాంపుల్లో ఇలాంటి ఇళ్ళు ఎన్నో! ట్రాక్టరు కొనే ఉద్దేశం లేకపోయినా ఈ పని ముందు చేయించుకోండి. సబ్సిడీ మీద కొనేవారు కూడా అదే బండి సబ్సిడీ లేకుండా బయట ఎంతకు వస్తుందో విచారించుకోవాలి. లేకపోతే ప్రభుత్వం ఇచ్చింది మనకు దక్కిందో డీలరుకు దక్కిందో తెలియదు.

చివరికి ఏమయింది?

రెండో షోరూము కాగితం తీసుకొని మొదటి షోరూముకే వెళ్ళాం. అక్కయ్య గొంతు పెంచలేదు. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఊరుకొంది. యజమాని వచ్చి చూసి, లోపలికి వెళ్ళి, 6,14,000కు దిగాడు. అంతకన్నా రానన్నాడు. అక్కయ్య సరేనంది.

దారిలో నేను ఉండబట్టలేక, "అక్కడ అయిదు వేలు తక్కువ కదా అక్కా" అన్నాను.

"మందు కొట్టే రోజుల్లో బండి ఆగితే నలభై అయిదు కిలోమీటర్ల నుంచి మెకానిక్ ఎప్పుడొస్తాడురా? తోటకు తెగులొస్తే అయిదు వేలతో పోతుందా? ఆ అయిదు వేలూ దగ్గరతనానికి ఇచ్చాను. దేనికిస్తున్నానో తెలిసి ఇచ్చాను, అది చాలు" అంది.

న్యాయమైన ధర అంటే అందరికన్నా తక్కువ ధర అని అంతవరకూ అనుకొనేవాణ్ణి. ఆ కాగితాలు రెండూ అక్కయ్య ఆర్.సి. పుస్తకంతో పాటు బీరువాలో దాచింది. మా క్యాంపులో ఎవరు ట్రాక్టరు కొనబోయినా ముందు వచ్చి వాటిని అడిగి చూసుకొంటున్నారు. ఆవిడ ఎవరికీ లేదనదు.