ప్రమాదం తర్వాత నిద్ర పట్టని మగవాళ్లు

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. 2025 ఏప్రిల్ 13న మనకు ఇంకా దగ్గరగా, కోటవురట్ల మండలం కైలాసపట్నంలో, బాణసంచా తయారీ కేంద్రం పేలి 8 మంది పోయారు. పోయినవారి లెక్క, పరిహారం లెక్క పేపర్లో వస్తాయి. బతికి బయటపడినవాళ్లు, తోటివాడి శవాన్ని చేతులతో మోసినవాళ్లు ఆ తర్వాత ఎలా ఉన్నారన్నది ఏ పేపర్లోనూ రాదు.

అలాంటిది చూసిన మొదటి రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం ఎవరికైనా ఉంటుంది. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గక, పనినీ సంసారాన్నీ పాడుచేస్తుంటే దాన్ని వైద్యులు పి.టి.ఎస్.డి. అంటారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల అవస్థ చూశాక, 1980లో ఈ పేరు వైద్య గ్రంథాలకెక్కింది. అలాగని ఇది సైనికుల జబ్బు కాదు. లారీ యాక్సిడెంటు చాలు, నూతిలో పడ్డవాడిని తీయబోయి తీయలేకపోయినా చాలు.

మగవాడిలో దీన్ని గుర్తుపట్టడం కష్టం. చాలాసార్లు ఏడుపుగా కాక కోపంగా బయటపడుతుంది. పిల్లలు గట్టిగా నవ్వినా కసురుతాడు. కుక్కర్ విజిల్ వేస్తే అన్నం ముందు నుంచి లేచిపోతాడు. పెళ్లి ఊరేగింపులో టపాసులు మోగితే తలుపేసుకుంటాడు. కంపెనీ బస్సు వేళకి కడుపునొప్పి అంటాడు. జమాత్‌లో ఎప్పుడూ మొదటి వరసలో ఉండేవాడు ద్వారం పక్క వరసకి మారిపోతాడు. ఇషా చదివి పడుకుని, అదే కల వచ్చి, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడు. మనం మాత్రం ‘పరిహారం వచ్చింది, పని చేదయింది’ అంటాం. నేనూ అన్నాను. కొందరు చాటుగా మందు మొదలుపెడతారు; మనవాళ్లలో అది లేదనుకోవడం అమాయకత్వం.

ఇంట్లోవాళ్లు సాయా పట్టిందని తావీజు కట్టిస్తారు. దువా మానమని ఎవరూ అనరు, దువాతో పాటు డాక్టరూ కావాలి. దైవప్రవక్త (స) హజ్రత్ ఖదీజా (రజి)ని, అబూ తాలిబ్‌ను పోగొట్టుకున్న ఏడాదిని ‘దుఃఖ సంవత్సరం’ అనే పిలుచుకుంటున్నాం కదా. దుఃఖపడ్డవాడికి ఈమాన్ తక్కువైందని ఎలా అంటాం? వెయ్యేళ్ల కిందట అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీర ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో రాశాడు.

పక్కనున్నవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. జరిగింది చెప్పమని పదేపదే అడగకూడదు. తానుగా చెప్పినప్పుడు వినాలి, ‘అల్లా బతికించాడు, సంతోషించు’ అని మధ్యలో ఆపేయకూడదు. ఆ దృశ్యం కళ్లముందుకొచ్చి వణుకుతుంటే పాదాలు నేలకు ఆనించమని, నెమ్మదిగా ఊపిరి వదలమని, ఎదురుగా కనబడే వస్తువుల పేర్లు చెప్పమని అనవచ్చు. మందుల షాపులో నిద్రమాత్రలు కొనివ్వకండి. వాటితో ఇది నయం కాదు, అలవాటు మాత్రం అవుతుంది.

నయం చేసే పద్ధతులున్నాయి. శిక్షణ పొందిన మానసిక నిపుణుడి దగ్గర, ఆ జ్ఞాపకాన్ని భయం లేకుండా తలచుకోవడం నేర్పే చికిత్సకు సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు సార్లు కూర్చోవాలి. అవసరమైతే మందులూ ఇస్తారు. మొదటి అడుగుగా 14416కి ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. డబ్బులు తీసుకోరు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

చిక్కంతా ప్రయాణంలో ఉంది. రావికమతం నుంచి విశాఖ వెళ్లి రావాలంటే రోజు కూలీ పోతుంది. బస్సెక్కడానికే భయపడే మనిషికి తోడుగా వెళ్లే తమ్ముడి కూలీ కూడా పోతుంది. పైన బస్సు ఛార్జీ. అందుకే రెండోసారికే చాలామంది మానేస్తారు. దాతలు జనాజా ఖర్చుకి, రేషన్‌కి, ఆపరేషన్‌కి ఉదారంగా ఇస్తున్నారు; ఈ ఖర్చుకి మన పుస్తకంలో ఇన్నాళ్లూ పద్దే లేదు. ఈ ఏడాది తెరుస్తున్నాం. ఇవ్వదలచినవారు రసీదు మీద ‘వైద్య ప్రయాణం’ అని రాయిస్తే చాలు. ఎంత ఖర్చయిందో వచ్చే సంచికలో అచ్చువేస్తాం, ఎవరికోసమో మాత్రం వేయం.