హెలికాప్టర్‌ను గాలిలో నిలబెట్టడం ఎలా?



మన హాస్టల్ నుంచి ఇంజనీరింగ్ కాలేజీలకు వెళ్లిన చాలామంది అక్కడ ఏరోమోడలింగ్ క్లబ్ అనే మాట మొదటిసారి వింటారు. గ్రౌండులో ఎవరో సీనియర్ రిమోట్ పట్టుకుని చిన్న హెలికాప్టర్‌ను కళ్లెదుట గాలిలో నిలబెడతాడు. అది చూసి మనవాళ్లు రెండడుగులు వెనక్కి వేస్తారు. "చిన్నప్పటి నుంచి ఇలాంటి బొమ్మలతో ఆడుకున్నవాళ్లకే ఇది వస్తుంది, మనకెక్కడ?" అనుకుంటారు. నిజానికి ఈ విద్యకూ చిన్ననాటి బొమ్మలకూ పెద్దగా సంబంధం లేదు. మొదటి రోజు అందరి వేళ్లూ ఒకేలా తడబడతాయి. ఏ క్రమంలో నేర్చుకున్నారు, ఎన్ని గంటలు సాధన చేశారు అన్నదే తేడా. క్రమం తప్పితే మాత్రం జేబుకూ నష్టమే, ఒంటికీ ప్రమాదమే. అందుకే ఆ క్రమాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

హోవర్ అంటే ఏమిటి?

హెలికాప్టర్ ముందుకూ వెనక్కూ పోకుండా, పైకీ కిందికీ కదలకుండా ఒకేచోట గాలిలో నిలిచి ఉండటాన్ని హోవర్ అంటారు. చూసేవాళ్లకు అది కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ నడిపేవాడి వేళ్లను గమనించండి. అవి ఒక్క క్షణం కూడా ఊరికే ఉండవు.

అరచేతిలో కర్రను నిలువుగా నిలబెట్టే ఆట మనందరికీ తెలిసిందే. కర్ర ఎటు వాలబోతే చెయ్యి అటు జరగాలి. చెయ్యి ఆగిందంటే కర్ర పడిపోతుంది. హోవర్ కూడా అంతే. పడబోతున్నదాన్ని ప్రతిసారీ చిన్నగా, ముందుగా సరిదిద్దుతూ ఉండటమే హోవర్. ఈ ఒక్క మాట అర్థమైతే సగం విద్య వచ్చినట్టే.

మోడల్ నుంచే మొదలైన కథ

మోడల్ హెలికాప్టర్ అంటే పిల్లల ఆటవస్తువు అనుకోవద్దు. అమెరికాలో ఆర్థర్ యంగ్ అనే ఆయన 1928 నుంచి పన్నెండేళ్లకు పైగా చిన్న మోడళ్లతోనే ప్రయోగాలు చేశాడు. రోటర్ కింద బరువులున్న ఒక కడ్డీని అమరిస్తే హెలికాప్టర్ నిలకడ పెరుగుతుందని ఆ మోడళ్ల మీదే నిరూపించాడు. 1941లో బెల్ కంపెనీలో చేరాడు. ఆయన రూపొందించిన బెల్ 47 హెలికాప్టర్‌కు 1946 మార్చి 8న పౌర వినియోగానికి అనుమతి లభించింది. ప్రపంచంలో అలా అనుమతి పొందిన మొదటి హెలికాప్టర్ అదే. ఇక రేడియో కంట్రోల్ మోడల్ హెలికాప్టర్‌ను చక్కగా అదుపులో ఎగరేసి చూపిన తొలితరం వాళ్లలో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ ముఖ్యుడు. అది 1970 నాటి మాట.

రిమోట్‌లో ఏముంటుంది?

రిమోట్ మీద రెండు స్టిక్‌లు ఉంటాయి. ఒక్కొక్కటి రెండు పనులు చేస్తుంది. ఎక్కువమంది వాడే 'మోడ్ 2' పద్ధతిలో పనులు ఇలా ఉంటాయి.

1. ఎడమ స్టిక్ పైకీ కిందికీ: హెలికాప్టర్ లేవడం, దిగడం. దీన్ని త్రోటిల్ అంటారు.

2. ఎడమ స్టిక్ పక్కలకు: ముక్కు కుడికో ఎడమకో తిరగడం. దీన్ని రడ్డర్ అంటారు.

3. కుడి స్టిక్ ముందుకూ వెనక్కూ: హెలికాప్టర్ ముందుకు లేదా వెనక్కి వంగడం.

4. కుడి స్టిక్ పక్కలకు: కుడివైపుకు లేదా ఎడమవైపుకు ఒరగడం.

'మోడ్ 1' అనే మరో పద్ధతిలో త్రోటిల్ కుడి చేతికి వస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. మీ క్లబ్‌లో నేర్పేవాళ్లు ఏది వాడితే అదే మంచిది.

ఎందుకింత కష్టం?

పదో తరగతి వరకు చదివిన భౌతికశాస్త్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం పెద్ద రోటర్ ఒకవైపు తిరిగితే హెలికాప్టర్ ఒళ్లు రెండోవైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే తోక దగ్గర చిన్న రోటర్ ఉంటుంది. కానీ ఆ చిన్న రోటర్ నెట్టే బలం హెలికాప్టర్ మొత్తాన్నీ పక్కకు జరుపుతుంది. పై నుంచి చూస్తే చాలా మోడళ్లలో పెద్ద రోటర్ గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది. అలాంటి మోడల్ ఎడమకు జారుతుంది. కాబట్టి సరిగ్గా హోవర్ చేస్తున్న హెలికాప్టర్ కొద్దిగా కుడికి ఒరిగే ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి ఏదో లోపం ఉందనుకుంటారు. లోపం కాదు, అదే దాని తీరు.

రెండో చిక్కు ఇంకా ముఖ్యమైనది. కుడి స్టిక్‌ను కుడికి నొక్కితే హెలికాప్టర్ కుడికి ఒరుగుతుంది. స్టిక్‌ను మధ్యకు తెచ్చినంత మాత్రాన ఆ ఒరుగు పోదు. ఒరిగి ఉన్నంతసేపూ వేగం పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి కుడికి జారుతున్న హెలికాప్టర్‌ను ఆపాలంటే ముందు ఎడమకు కొద్దిగా ఇవ్వాలి. జారుడు తగ్గుతుండగానే, పూర్తిగా ఆగకముందే, కుడికి కొద్దిగా ఇచ్చి సమం చేయాలి. ఈ రెండో సగం మరిచిపోతేనే అది గోడ గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగి, ప్రతి ఊపుకూ పెద్దదై, చివరికి నేలను తాకుతుంది. నేర్చుకునేవాళ్ల హెలికాప్టర్లు ఎక్కువగా పడేది ఇలాగే.

ఒక్కో మెట్టూ ఎక్కాలి

మొదటి మెట్టు - కంప్యూటర్: సిమ్యులేటర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. అసలు రిమోట్‌నే కంప్యూటర్‌కు కలిపి తెర మీద ఎగరేయవచ్చు. అక్కడ వందసార్లు పడినా ఒక్క పైసా ఖర్చు కాదు. గ్రౌండులో చిన్నగా పడినా రెక్కలు, షాఫ్టు, గేరు కలిపి వెయ్యి రూపాయలు దాటడం మామూలే. అందుకే పది ఇరవై గంటలు సిమ్యులేటర్ మీద గడపనిదే గ్రౌండుకు వెళ్లకండి. ఒకేరోజు ఐదు గంటలు కూర్చోవడం కంటే రోజుకు ఇరవై నిమిషాల చొప్పున చేస్తే వేళ్లకు బాగా పట్టుబడుతుంది.

రెండో మెట్టు - నేల మీద జారుడు: రెండు తేలికైన కడ్డీలను గుణకారం గుర్తులా కట్టి, నాలుగు చివరలా ప్లాస్టిక్ బంతులు గుచ్చి హెలికాప్టర్ కాళ్లకు బిగించాలి. దీన్ని ట్రైనింగ్ గేర్ అంటారు. సన్నని వెదురు బద్దలతో మనమే చేసుకోవచ్చు. ఇది హెలికాప్టర్ పక్కకు బోర్లా పడకుండా కాపాడుతుంది. గాలికి ఎదురుగా ముక్కు, మీ వైపు తోక ఉండేలా పెట్టండి. తోక మీ వైపు ఉంటే మీ కుడి, దాని కుడి ఒకటే. నేల విడవకుండా కాళ్లు తేలికయ్యేంత వరకే త్రోటిల్ ఇచ్చి, నున్నటి నేల మీద అటూ ఇటూ జరుపుతూ ఒకచోట నిలపడం నేర్చుకోండి.

మూడో మెట్టు - చిన్న గెంతులు: ఒక జానెడు లేపి, వెంటనే మెల్లగా దించండి. మొదట ఒకటి రెండు క్షణాలు, తర్వాత ఐదు, పది. నేలకు దగ్గరగా ఉంటే భద్రమని అనిపిస్తుంది. కానీ రోటర్ కిందికి తోసిన గాలే నేలకు కొట్టుకుని సుడులు తిరిగి హెలికాప్టర్‌ను కుదుపుతుంది. కాబట్టి చెయ్యి కొంచెం కుదిరాక మీ ఛాతీ ఎత్తు వరకు లేపండి. అక్కడ అది నెమ్మదిస్తుంది.

నాలుగో మెట్టు - నిలకడ: తోకను కాదు, ముక్కును చూస్తూ నడపండి. తోకను చూస్తే రడ్డర్ ఎటు ఇవ్వాలో తికమక వస్తుంది. కంగారు పుట్టినప్పుడు త్రోటిల్ ఒక్కసారిగా వదలకండి. కొద్దిగా తగ్గించి, సమంగా ఉంచి దించండి. ఒక బ్యాటరీ అయిపోయేంత వరకు ఒక పెద్ద చాప వెడల్పు జాగాలో నిలపగలిగితే మీకు హోవర్ వచ్చినట్టే.

ఐదో మెట్టు - ముఖం తిప్పడం: తోక మీ వైపు ఉండగా వచ్చాక, పక్కకు తిప్పి నిలపండి. చివరికి ముక్కును మీ వైపు తిప్పండి. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. హెలికాప్టర్ ఎటు జారుతోందో స్టిక్‌ను అటే నొక్కితే అది ఆగుతుంది. ఈ మెట్టుకు మళ్లీ సిమ్యులేటర్ దగ్గరికి వెళ్లడం నామోషీ కాదు. చేయి తిరిగినవాళ్లు కూడా వెళ్తారు.

ఏది కొనాలి?

మొదటి రోజే పెద్దది వద్దు. ఒకే ఇరుసు మీద రెండు రోటర్లు ఎదురెదురుగా తిరిగే చిన్న బొమ్మ హెలికాప్టర్లు నిలకడగా ఉంటాయి. మన నౌకాదళం వాడే కమోవ్ హెలికాప్టర్లదీ ఇదే అమరిక. చెయ్యికీ కంటికీ పొత్తు కుదరడానికి ఇవి మంచివే. ఇప్పుడు వచ్చే మోడళ్లలో తమంతట తామే సమం చేసుకునే ఎలక్ట్రానిక్ పరికరాలు కూడా ఉంటున్నాయి. మొదట్లో వాటి సాయం తీసుకోండి. కానీ తర్వాత అవి తీసేసి కూడా సాధన చేయండి. లేకపోతే నిలబెట్టిన ఘనత పరికరానిదే అవుతుంది. నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. ఒకరు ఎగరేస్తుంటే మిగతా ముగ్గురూ చూస్తూ నేర్చుకుంటారు.

ఈ జాగ్రత్తలు మరువొద్దు

70 సెంటీమీటర్ల రోటర్ నిమిషానికి 2500 సార్లు తిరిగితే దాని అంచు వేగం ఎంతో లెక్క వేసి చూడండి. సెకనుకు 91 మీటర్లకు పైనే, అంటే గంటకు సుమారు 330 కిలోమీటర్లు. అది కత్తితో సమానం. కనీసం ఐదారు మీటర్ల దూరంలో నిలబడండి. చిన్నపిల్లలను ఇంకా చాలా దూరంగా ఉంచండి. ఎవరి తల మీదుగానూ ఎగరేయకండి. రెక్కలు పూర్తిగా ఆగాకే దగ్గరికి వెళ్లండి.

వాటిలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీలు దెబ్బ తగిలినా, అతిగా చార్జ్ అయినా మంటలు లేస్తాయి. హాస్టల్ గదిలో రాత్రంతా చార్జింగ్ పెట్టి నిద్రపోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గదిలో పదిమంది ప్రాణాలు ఉంటాయని గుర్తుంచుకోండి. వాటికని చేసిన చార్జరుతో, మెలకువగా ఉన్నప్పుడే, పరుపులకూ పుస్తకాలకూ దూరంగా చార్జ్ చేయండి. ఉబ్బిన బ్యాటరీని వాడకండి.

2021లో మన దేశంలో డ్రోన్ నియమాలు వచ్చాయి. వాటిలో 250 గ్రాముల వరకు బరువున్నవి 'నానో' తరగతి. విమానాశ్రయాలు, రక్షణ స్థావరాల దగ్గర ఆంక్షలు ఉంటాయి. కొత్తచోట ఎగరేసే ముందు ప్రభుత్వ ఎయిర్‌స్పేస్ మ్యాప్ చూడండి. కాలేజీ గ్రౌండు అయితే లెక్చరర్ గారి అనుమతి, హాస్టల్ అయితే వార్డెన్ గారి అనుమతి తీసుకోండి. తెల్లవారుజామున గాలి తక్కువ, జనమూ తక్కువ. సాధనకు అదే మంచి వేళ.

చివరగా ఒక్కమాట. క్లబ్‌కు వెళ్లిన మొదటిరోజు వెనక వరుసలో నిలబడకండి. "అన్నా, సిమ్యులేటర్ మీద ఇరవై గంటలు చేశాను, ఒక్కసారి ఇస్తావా?" అని అడగండి. ఆ ఇరవై గంటలే మీ సిఫారసు లేఖ. హెలికాప్టర్‌కు మీ ఊరేదో, మీరు చదివిన బడి ఏదో తెలియదు. మీ వేళ్లు ఎంత సాధన చేశాయో అదొక్కటే దానికి తెలుస్తుంది.

- ఒక పూర్వ విద్యార్థి