మెట్ల దారిలో తేలిన బతుకులు

ఆకాశహర్మ్యాన్ని విమానం ఢీకొన్నప్పుడు భవనం ఎంతసేపు నిలుస్తుందన్నదానితో పాటు, ఆ కాస్త వ్యవధిలో లోపలివారికి కిందికి దిగే దారి మిగులుతుందా అన్నది కూడా ప్రాణాలను నిర్ణయిస్తుంది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో కూలిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట భవనాలలో ఈ రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి.

110 అంతస్తుల ఈ భవనాల బరువును నడిమి భాగంలోని ఉక్కు స్తంభాలు, ఒక్కో ముఖాన 59 చొప్పున దగ్గర దగ్గరగా నిలిపిన వెలుపలి స్తంభాలు పంచుకునేవి. విమానం కొన్నింటిని తెంచివేసినా బరువు పక్క స్తంభాలకు మళ్లింది గనుక ఉత్తర భవనం 102 నిమిషాలు, దక్షిణ భవనం 56 నిమిషాలు నిలిచాయి. ఉక్కు వేడికి మెత్తబడకుండా దానిపై చల్లిన అగ్నినిరోధక పూత తాకిడికి రాలిపోవడం వల్లనే మంటలు ఆ స్తంభాలను లొంగదీయగలిగాయని అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ తేల్చింది.

నిలిచిన ఆ సమయం అందరికీ ఒకేలా అక్కరకు రాలేదు. విమానం తాకిన అంతస్తులకు దిగువనున్నవారిలో 99 శాతానికి పైగా బయటపడ్డారు. 1993లో ఇక్కడే జరిగిన బాంబు దాడి తరువాత మెట్లకు వేసిన, చీకటిలో వెలిగే గుర్తులూ అందుకు తోడ్పడ్డాయి. ఎగువనున్నవారి సంగతి వేరు. పాత నిబంధనలకన్నా తక్కువ మెట్ల మార్గాలతో సరిపెట్టుకోనిచ్చిన 1968 నాటి నగర నిర్మాణ నియమావళిని అనుసరించి, ఒక్కో భవనానికి మూడే మార్గాలను, అవీ నడిమి భాగంలోనే, జిప్సం పలకల గోడల మధ్య అమర్చారు. జిప్సం నిప్పును కొంతసేపు ఆపగలదు గాని దెబ్బను కాచుకోలేదు. ఉత్తర భవనాన్ని విమానం 93–99 అంతస్తుల వద్ద దాదాపు నట్టనడుమ తాకడంతో మూడు దారులూ ఒక్కసారిగా మూసుకుపోయాయి. 91వ అంతస్తుకు పైనున్నవారిలో ఒక్కరూ దక్కలేదు. దక్షిణ భవనంలో మాత్రం లిఫ్టు యంత్రాలున్న అంతస్తుల దగ్గర మెట్లు ఎడంగా జరగవలసి వచ్చింది. విమానమూ ఒక పక్కకు ఒరిగి తాకడంతో వాయవ్య దిక్కు మెట్లు మిగిలి, వాటి మీదుగా 18 మంది దిగిరాగలిగారు. ఆ ఎడం భద్రత కోసం ఉద్దేశించినది కాదు, యంత్రాలకు చోటివ్వడం కోసం చేసినది.

1945లో బి-25 బాంబరు 79వ అంతస్తు వద్ద ఢీకొన్నా ఎంపైర్ స్టేట్ భవనం నిలిచిందని, 14 మందే మరణించారని చెప్పి పాత కట్టడాలను పొగడడం పరిపాటి. ఆ విమానం ఎంతో చిన్నది, దానిలోని ఇంధనమూ తక్కువే కనుక ఆ పోలిక నిలవదు.

జంట భవనాల అనుభవం తరువాత, అమెరికాలో అనుసరించే 2009 నమూనా నియమావళి, 420 అడుగులు దాటిన కార్యాలయ భవనాలకు అదనంగా మరో మెట్ల మార్గాన్నో, లేదా అగ్నిప్రమాదంలోనూ జనాన్ని దించగల లిఫ్టులనో తప్పనిసరి చేసింది. జంట భవనాలు కూలిన ప్రాంగణంలోనే 2014లో తెరిచిన వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో మెట్లూ లిఫ్టులూ మందమైన కాంక్రీటు గోడల లోపల ఉన్నాయి. అగ్నిమాపక సిబ్బంది ఎక్కడానికి వేరే మెట్లున్నాయి.